ఎదురొచ్చేది కనబడే పక్క

మా ఆయన పోయాక పాస్టరయ్యగారు మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టి ప్రార్థన చేశారు. ఆ రోజు నా చేత్తో ఇచ్చిన టీ గ్లాసు అందుకుంటూ ఒకావిడ అన్న మాట నేను మరిచిపోలేదు.

“పాపం మాస్టారు. ఊరందరికీ చెప్పి చెప్పి, ఆఖరికి ఆయనే రాంగ్ రూట్లో వెళ్ళేరంట కదండీ.”

“ఆయ్, అందరూ అదే అంటున్నారండి,” అంది పక్కనున్నావిడ.

ఇద్దరూ ఊదుకుంటూ టీ తాగారు. వచ్చినవాళ్ళందరినీ పంచదార సరిపోయిందా అని అడుగుతున్న నేను వాళ్ళిద్దరినీ అడగలేదు.

ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. రిటైరైన తర్వాత కూడా ఊరు ఆయన్ని డ్రిల్లు మాస్టారనే పిలిచింది. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. నేను పిల్లలకి నేర్పిన పాఠాలు ఎన్నో ఉన్నాయి, వాటిల్లో ఏది ఎవరికి గుర్తుందో నాకు తెలియదు. ఆయన నేర్పింది ఒక్కటే, అది మాత్రం ఊళ్ళో అందరికీ వచ్చు. తొక్కేవాడు ఎడమ, నడిచేవాడు కుడి. సైకిలు కూడా బండే కాబట్టి బళ్ళతో పాటు ఎడమ పక్కన పోవాలి. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు కుడి పక్కన ఉండాలి, అప్పుడు ఎదురొచ్చేది కంటికి కనబడుతుంది. “వెనక నుంచి వచ్చేదాన్ని దేవుడు చూసుకోవాలి. ముందు నుంచి వచ్చేదాన్ని మనమే చూసుకోవచ్చు,” అనేవారు.

టీకొట్టు దగ్గర ఆయన్ని ఆటపట్టించేవారు. “మాస్టారండీ, మరి గేదెలది ఏ పక్కండీ?” అని అడిగేవారు. “తోలేవాడికి తెలిస్తే గేదెకి తెలుస్తుందిరా,” అనేవారు ఆయన. అందరితో పాటు తనూ నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు. ఎవరెవరు అడిగారో నాకు ఇప్పటికీ గుర్తుంది.

పెళ్ళైన కొత్తలో అమలాపురంలో సినిమా చూసి నడిచి వస్తుంటే, ఆయన ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. బజారులో అందరి ముందూ అలా పట్టుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. తీరా చూస్తే నన్ను ఎడమ పక్క నుంచి కుడి పక్కకి దాటించడానికి. దాటించాక చెయ్యి వదిలేశారు. ఇంటికి వచ్చేదాకా నేను మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడడం లేదో ఆయనకి తెలియలేదు.

ఇంకో సంగతి. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళాల్సివస్తే ఆయన కుడి పక్కకి వచ్చేసేవారు. అదేమిటండీ అంటే, “దిగాక నేను నడిచేవాణ్ణే కదా,” అనేవారు. ఈ ఒక్క సంగతి అందరికీ గుర్తుండి ఉంటే నేను ఇదంతా రాయనక్కర లేకపోయేది.

రిటైరయ్యాక, కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారయ్యే పిల్లలని పొద్దున్నే కాలవ గట్టు రోడ్డు మీద పరిగెత్తించేవారు. మెడలో ఈల వేసుకుని వాళ్ళ పరుగు చూసుకునేవారు. వాళ్ళలో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. స్కూలు వార్షికోత్సవంలో ఆయనకి రెండో వరసలో కుర్చీ వేశారు. మొదటి వరసలో రొయ్యల చెరువుల ఆసాములు కూర్చున్నారు. ఆయన అది పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను.

ఐనవిల్లి వైపు నుంచి అమలాపురం వెళ్ళే దారిలో మా ఊరి ముక్క అంతా కాలవ గట్టు మీదే ఉంటుంది. అమలాపురం వైపు మొహం పెట్టి నిలబడితే కుడి పక్క కాలవ, ఎడమ పక్క కొబ్బరి తోటలు. వెనకటికి ధాన్యం ఆరబెట్టుకోవడానికి కల్లాలుండేవి. కల్లాలు ఒక్కొక్కటే చెరువులైపోయాయి. ఇప్పుడు సార్వా కోతలొస్తే ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. రోడ్డు సర్కారుదే, కానీ కోతల రోజుల్లో ఎవరి ముక్క వాళ్ళది. ఒకరి ముక్కలో ఇంకొకరు పొయ్యరు. తోట వైపు సగం రోడ్డు వడ్లకి పోతుంది. బళ్ళు ఎక్కకుండా అంచున రాళ్ళు, కొబ్బరి మట్టలు పెడతారు. మిగిలిన సగంలోనే రాకపోకలన్నీ.

ఆ రాళ్ళ సందుల్లోంచి, వడ్ల మీద నుంచే సైకిళ్ళూ మోటారు సైకిళ్ళూ ఎక్కించుకు పోయేవాళ్ళు చాలామంది. మా ఆయన మాత్రం ఎక్కించేవారు కాదు. మా అత్తగారు కూలికి వెళ్ళేది. కోతలయ్యాక చేలో రాలిన పరిగె ఏరుకొచ్చి దంచి పిల్లలకి వండిపెట్టేది. ఒక్కొక్క వరి వెన్నుకీ నడుం వంచిన మనిషి. ఆవిడ కొడుకు గింజ మీద చక్రం ఎక్కించడు, కాలు పెట్టడు. ధాన్యం కనబడితే ఎంత తొందరున్నా సైకిలు దిగిపోయేవారు. దిగితే కుడి పక్కకి వచ్చేవారు. నేను చెప్పేది ఇంతే.

ఆ పొద్దున్న ఆకాశం మూసుకుపోయి ఉంది. వాయుగుండం వస్తోందని ముందు రోజు నుంచే చెబుతున్నారు. పరుగు పిల్లలు రాలేదు. ఆయన ఈలలో గింజ నానిపోయి సరిగా మోగడం లేదు. కొత్త ఈల కొనుక్కొస్తానని అమలాపురం బయల్దేరారు. “వాన వచ్చేలా ఉంది కదండీ,” అన్నాను. “వచ్చేలోపు వచ్చేస్తాను,” అన్నారు.

కబురు తెలిసి నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన్ని ఆటోలో పడుకోబెట్టారు. చుట్టూ జనం. నేను ఎక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. ఆటో కదులుతుండగా మొదటి చినుకులు పైన పట్టా మీద టపటపా పడ్డాయి. ఆ చప్పుడు నాకు బాగా గుర్తు. ఆసుపత్రికి చేరకముందే ఆయన పోయారు. చొక్కా వీపు మీద తడిసిన చోట వడ్లగింజలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీశాను. అప్పుడు అవెందుకు ఉన్నాయని ఆలోచించలేదు.

మర్నాడు రోడ్డు మీద గింజ లేదు. వాన కడిగేసింది. రాళ్ళు కూడా లేవు. చెరువులకి మేత తీసుకెళ్ళే వ్యాను అమలాపురం వైపు నుంచి వస్తూ మలుపులో ఆయన్ని గుద్దింది. సైకిలు రాంగ్ రూట్లో ఎదురొచ్చిందని ఆ డ్రైవరు చెప్పాడు. సైకిలు కాలవ పక్కనే, అంటే కుడి పక్కనే పడి ఉందని చేరినవాళ్ళందరూ చెప్పారు. వడ్ల సంగతి అడిగితే, ఆ హడావిడిలో చూడలేదన్నారు. ఆ మాట స్టేషనుకెళ్ళింది, గుడికెళ్ళింది, టీకొట్టుకెళ్ళింది. చివరికి మా ఇంట్లో టీ గ్లాసు దాకా వచ్చింది.

నేను స్టేషనుకి వెళ్ళాను. హెడ్డు కానిస్టేబులు విన్నాడు.

“రోడ్డు మీద ధాన్యం ఉంది. మా ఆయన సైకిలు దిగి నడుస్తున్నారు. నడిచేవాడు కుడి పక్కన ఉండడం తప్పు కాదు,” అన్నాను.

“మీరు చూసేరాండీ?”

“చూడలేదు. ఆయన సంగతి నాకు తెలుసు.”

“తెలిస్తే సరిపోదండి టీచరుగారూ. ధాన్యం ఎవరిదో వాళ్ళని రమ్మనండి. నడవడం చూసినోళ్ళని రమ్మనండి. అప్పుడు రాసుకుంటాం.”

అతని పక్కన ఒక కుర్చీ ఉంది. దాని మీద అతని టోపీ ఉంది. నేను నిలబడి ఉన్నంతసేపూ ఆ టోపీ కుర్చీలోనే కూర్చుంది.

ఆ మలుపు దగ్గర తూము పక్క ముక్క ఎవరిదో నేను ఎవర్నీ అడగక్కర్లేదు. మా ఆయన బాబాయి కొడుకుది. నాకు మరిది. కౌలు రైతు. చిన్నప్పుడు మా అత్తగారి చేతి ముద్ద తిన్నవాడే. ఇంటికి వెళ్ళి గుమ్మంలో నిలబడే అడిగాను.

“నీ ధాన్యం ఆ పొద్దున్న రోడ్డు మీద ఉందా, లేదా?”

“ముందే ఎత్తేసేనండి వదినగారూ. మబ్బు పట్టింది కదండీ.”

“మీ అన్నయ్య తొక్కేరా, నడిచేరా?”

“అప్పటికి నేను అక్కడ లేనండి.”

“ఆయన చొక్కాకి వడ్లు అంటుకున్నాయి.”

తలుపు వెనక నుంచి అతని భార్య అంది. “పోయినాయన ఎలాగూ తిరిగి రారు కదండీ అక్కా. ఉన్నోళ్ళని స్టేషను చుట్టూ తిప్పుతారా? రేపు పొలం కౌలుకి ఎవరిత్తారండీ?”

“నీ మొగుణ్ణి జైల్లో పెట్టించమని రాలేదమ్మా. ఒక్కమాట చెప్పమంటున్నాను.”

“ఒక్కమాటతో ఆగుద్దేటండీ?” అంది.

ఆ రోజు నుంచి వాళ్ళింటి గుమ్మం తొక్కలేదు. గుడిలో ఆడవాళ్ళ వైపు, అతని మొహం తిన్నగా కనబడే చోటు చూసుకుని కూర్చునేదాన్ని. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు నేను మూసుకునేదాన్ని కాదు. అతను ఎప్పుడు కళ్ళు తెరిచినా నేను కనబడాలి.

కొన్నాళ్ళకి పిల్లలు మళ్ళీ పరుగు మొదలుపెట్టారు. ఆయన లేరు కదా, ఎవరూ ఈల ఊదకుండానే పరిగెత్తేవారు. నేను పొద్దున్నే కుడి పక్కన నడుస్తూ ఉంటే వాళ్ళు ఎడమ పక్కన నా ముందు నుంచి పోయారు. మొదటి రోజు పొరపాటేమో అనుకున్నాను. రెండో రోజూ అంతే. ఒక అమ్మాయిని ఆపాను.

“ఆ పక్కన పరిగెడుతున్నారేమ్మా?”

“మా అమ్మ వద్దందండి టీచరమ్మగారూ. మాస్టారంతటాయనకే కుడి పక్క అచ్చిరాలేదు, నీకెందుకే అందండి.”

“మాస్టారు తొక్కలేదమ్మా. దిగి నడుస్తున్నారు.”

“అందరూ తొక్కేరనే అంటున్నారు కదండీ.” ఆ పిల్ల మాటలో వెటకారం లేదు. అందుకే ఇంకా బాధేసింది. వెనక నుంచి వ్యాను హారన్ కొడితే ఉలిక్కిపడి తోటలోకి దిగింది, మళ్ళీ ఎక్కి పరిగెత్తింది.

నాకు కావలసింది కేసు కాదు, వ్యాను వాళ్ళ నుంచి ఏదో రాబట్టుకోవడమూ కాదు. చదువూ ఆస్తీ లేని కొంపలో పుట్టి, ఒక్క మాట పట్టుకుని, దాన్ని జీవితమంతా చెప్పుకుంటూ బతికిన మనిషి. ఆయన చావు ఆ మాటనే అబద్ధం చేసింది. ఆయన మాట ఆయనకి తిరిగి రావాలి. అంతకుమించి ఆయనకి నేను చేయగలిగింది ఏమీ మిగల్లేదు.

కోతపండగ వచ్చింది. మా గుడిలో ఆ రోజు పంటలో మొదటి భాగం తెచ్చి బల్ల ముందు పెడతారు. ధాన్యం బస్తాలు, కొబ్బరి గెలలు, కంద, అరటి. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాట పెట్టి అమ్ముతారు. దానికి ముందు ఆ ఏడు దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పుకోవచ్చు. మా మరిది ఒక బస్తా తెచ్చాడు. బస్తా పక్కన నిలబడి సాక్ష్యం చెప్పాడు.

“వాయుగుండం అన్నారండి. ఊరంతా హడలిపోయేం. నా ధాన్యం అంతా రోడ్డు మీదే ఉందండి. దేవుడి దయ చూడండి, ఆఖరి బస్తా లోపల పడేశాకే చినుకు పడింది. ఒక్క గింజ తడవలేదండి.”

అందరూ స్తోత్రం అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

“ఆ చినుకు పడినప్పుడు నేను ఆటోలో ఉన్నాను. మీ అన్నయ్య తల నా ఒళ్ళో ఉంది. ఆఖరి బస్తా అప్పుడే లోపలికెళ్ళిందంటే, ఆయన పడిపోయినప్పుడు నీ ధాన్యం ఎక్కడుంది?”

అతను మైకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మైకులో అతని ఊపిరి వినిపిస్తోంది.

“అమ్మా, ఇది దేవుని సన్నిధి. తర్వాత మాట్లాడుకుందాం,” అన్నారు పాస్టరయ్యగారు.

“సన్నిధి కాబట్టే అడుగుతున్నానండి.”

ఆయన పాటల బృందానికి చేత్తో సైగ చేశారు. హార్మోనియం అందుకుంది. నేను ఇంకా నిలబడి ఉండగానే నా మాట మీద నుంచి పాట వెళ్ళిపోయింది. పాటకీ హార్మోనియానికీ తప్పేమీ లేదు. సైగ చేసిన చేతిని మాత్రం నేను మరిచిపోను.

మర్నాడు తెల్లవారుతుండగా మలుపు దగ్గరికి వచ్చేసరికి తూము గోడ మీద మా మరిది కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

“దిగేరండి వదినగారూ,” అన్నాడు. “ధాన్యం మొదలయ్యేచోటే దిగేరండి. ఎప్పట్లాగే కాలవ పక్కకెళ్ళి నడిపించుకుంటూ వస్తన్నారు. ‘ఏరా, వాన వచ్చేస్తంటే ఇంకా ఎత్తలేదేరా’ అన్నారు. నేను పార పట్టుకుని ఇటు పక్కనున్నాను. ఇంతలో ఈ మలుపులో వ్యాను వచ్చేసిందండి.”

“ఆయన చూసేరా?”

“నాకంటే ముందే చూసేరండి. ‘ఇటొచ్చెయ్ అన్నయ్యా, దూకెయ్’ అని కేకేసేను. సైకిలు వదిలేసి ఇటొచ్చేరు. రాళ్ళ దాకా వచ్చేసేరండి. కాలెత్తేరు.” అతను తువ్వాలు నలుపుతున్నాడు. “కింద వడ్లు చూసి ఆగేరండి. ఆగకుండా ఉంటే నా దగ్గరికొచ్చి పడేవారు.”

నేను తూము గోడ పట్టుకున్నాను.

“ఎత్తి ఆ వడ్ల మీదే పడుకోబెట్టేనండి. ఇంకెక్కడ పడుకోబెట్టను? జనం వచ్చి ఆటోలోకి మార్చేరు. అప్పుడు నాకు బయమేసిందండి. రోడ్డు మీద పోసినందుకు కేసవుద్ది, కౌలు పోద్ది అని. మీరు ఆటో ఎక్కుతుంటే నేను ఆఖరి బస్తా ఎత్తుతున్నానండి. మీరు నన్ను చూళ్ళేదు.”

నిజమే, నేను చూడలేదు. నా కళ్ళకి ఆయన తప్ప ఎవరూ కనబడలేదు.

“నాకు చెబితే సరిపోదు,” అన్నాను. “నాకు ముందే తెలుసు. వాళ్ళకి చెప్పు.”

పిల్లలు ఎడమ పక్క నుంచి పరిగెత్తుకుంటూ వస్తున్నారు. అతను రోడ్డు మధ్యకి వెళ్ళి చేతులు చాపాడు. వాళ్ళు ఆగారు. అతనికి నలుగురిలో మాట్లాడడం రాదు. గుడిలో చెప్పేది కూడా ఇంటి దగ్గర వల్లెవేసుకుని చెబుతాడు.

“మాస్టారు తొక్కలేదర్రా. దిగేరు. దిగి ఆ పక్కన నడుత్తున్నారు. ఆయనది తప్పు లేదు. ధాన్యం నాది. నేను చూసేను.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటండీ బాబాయిగారూ?” అన్నాడొకడు.

అతను చాపిన చేతులు దించి పక్కకి తప్పుకున్నాడు. ఆ రోజు నేను ఆపిన అమ్మాయి ముందుగా రోడ్డు దాటి కుడి పక్కకి వచ్చింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పరిగెత్తుకుంటూ నా పక్క నుంచి పోయారు. ఎవరో “సారీ అండీ టీచరమ్మగారూ” అన్నారు.

అతను స్టేషనుకి కూడా వచ్చాడు, నేను అడగకుండానే. హెడ్డు కానిస్టేబులు అంతా విని, ముందే చెప్పాల్సిందండి అని అతన్ని రెండు మాటలు అన్నాడు. ఈసారి కూడా నాకు కుర్చీ వెయ్యలేదు. టీ తాగుతూ ఆ మాట అన్నావిడ మాత్రం ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు. నేను ఎదురైతే, “అలాగంటండీ, మాకేం తెలుసండీ, అందరూ అంటే అన్నాం,” అంటుంది. అందరూ ఎవరని అడిగితే మాట మారుస్తుంది.

ఈ ఏడు మళ్ళీ కోతలు వచ్చాయి. మా మరిది అక్కడే ధాన్యం ఆరబోశాడు. వేరే చోటు అతనికి మాత్రం ఎక్కడుంది? తోట వైపు మాత్రం ఒక బారెడు దారి వదిలి పోశాడు. “సైకిళ్ళు పోడానికండి వదినగారూ,” అన్నాడు నన్ను చూసి. నేను తల ఊపాను. అతన్ని క్షమించానా అని పాస్టరయ్యగారు ఒకసారి అడిగారు. ఆ మాట అడగడానికి ఆయనెవరో నాకు అర్థం కాలేదు.

నేను గెలిచానని మా బంధువులంటారు. పట్టుపట్టి సాధించింది అంటారు. సాధించాను. ఆయన ఉండాల్సిన పక్కనే ఉన్నారు. ఎదురొచ్చేది కనబడే పక్కన. ఊరంతా ఇప్పుడు ఒప్పుకుంది.

కానీ దాని అర్థమేమిటో నేను ముందు ఆలోచించలేదు. రాంగ్ రూట్లో తొక్కుతూ ఏదో పరధ్యానంలో ఉన్నారని ఊరు అన్నన్నాళ్ళూ, ఆయనకి ఏమీ తెలియకుండానే అయిపోయిందని అనుకోవడానికైనా ఉండేది. ఇప్పుడు అదీ లేదు. ఆయన చూశారు. మలుపు తిరిగి వస్తున్న వ్యానునీ, కేక వేసిన తమ్ముణ్ణీ, కాళ్ళ ముందున్న వడ్లనీ, అన్నీ చూశారు. ఆ కాస్త సేపులో ఆయన తల్లి ఆయనకి గుర్తొచ్చిందేమో. నేను గుర్తొచ్చానో లేదో నాకెవరూ చెప్పలేరు.

రోజూ పొద్దున్న ఆయన చెప్పినట్టే కుడి పక్కన నడుస్తాను. తలెత్తి, ఎదురుగా చూస్తూ నడుస్తాను. తూము దగ్గర మలుపు వచ్చేసరికి మాత్రం తల దించేసుకుంటాను. ఆ నాలుగడుగులూ కాలవలో నీళ్ళు చూస్తూ దాటతాను. ఎదురుగా ఏదైనా వస్తే హారన్ వాళ్ళే కొడతారు.